రెండో డొప్ప

రత్నం ఎవరి దగ్గరికీ ఒట్టి చేతులతో వెళ్ళదు. పసిపిల్లల దగ్గరికి, పెద్దల దగ్గరికి, గురువు దగ్గరికి, దేవుడి దగ్గరికి ఏదో ఒకటి పట్టుకొనే వెళ్ళాలని విజయనగరంలో వాళ్ళ నాయనమ్మ చెప్పేది. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివిన రత్నం ఆ వరుసలోంచి దేవుణ్ణి తీసేసి, ఆ ఖాళీలో మిగిలిన ప్రపంచాన్నంతా చేర్చుకుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి చేగోడీలు పట్టుకెళ్ళింది. బెంటన్‌విల్‌లో తనకు డ్రైవింగ్ పరీక్ష పెట్టడానికి వచ్చిన పోలీసు అధికారికి సున్నుండల డబ్బా ఇవ్వబోతే, ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, దాన్ని లంచం అంటారమ్మా అని మర్యాదగా చెప్పాడు. ఆ రోజు ఆమె పరీక్ష తప్పింది. ఆ రెంటికీ సంబంధం లేదని ఆమె నమ్మకం.

డిపెండెంట్ వీసా మీద భర్త రవిశంకర్‌తో అమెరికా వచ్చిన ఆమెకు మొదటి ఆరేళ్ళూ ఉద్యోగం చేసే అనుమతి లేదు. అనుమతి వచ్చాక హాలోవే సీజనింగ్స్ అనే మసాలా కంపెనీ బెంటన్‌విల్ ఆఫీసులో శాంపిల్ గదిని చూసుకొనే పని దొరికింది. దేశమంతటా దుకాణాలున్న ఒక పెద్ద రిటైల్ సంస్థకు ఆ ఊరే కేంద్రం కావడం వల్ల, దానికి సరుకు అమ్మే ప్రతి కంపెనీ అక్కడ ఒక చిన్న ఆఫీసు పెట్టుకుంటుంది. ప్రతి ఆఫీసులోనూ ఒక శాంపిల్ గది ఉంటుంది. మిరపపొడి రంగు వెలుతుర్లో ఎన్ని వారాలకు వెలుస్తుందో, ఏ డబ్బా మూతలోంచి తేమ లోపలికి పోతుందో, లేబుల్ మీద రాసిన బరువూ లోపలి బరువూ ఎంతవరకు ఒకటో చూడడం రత్నం పని. తూకంలో ఒక గ్రాము తేడా వస్తే మూడుసార్లు తూస్తుంది. తేడా అప్పటికీ ఉంటే, ఉందని చెబుతుంది. అడిగినవాళ్ళు లేదని వినాలనుకుంటున్నారని తెలిసినా అంతే.

ఆ ఆఫీసు ముందు గదిలో ఫోన్లు ఎత్తే మనిషి డార్లీన్. అరవై ఆరేళ్ళు. ఆర్కన్సా కొండల్లో పుట్టి పెరిగింది. రెండోసారి కూడా పరీక్ష తప్పి రత్నం ఏడుపు మింగుకొని కూర్చున్నప్పుడు, శనివారం పొద్దున్న తమ చర్చి పార్కింగ్ స్థలానికి రమ్మని పిలిచింది డార్లీనే. తన పాత పికప్ ట్రక్కు తాళాలు రత్నం చేతిలో పెట్టి, తాను పక్క సీట్లో కూర్చుంది.

"బ్రేకు నీకు శత్రువు కాదు, హనీ. అలాగని తోడబుట్టింది కూడా కాదు. పొద్దస్తమానం దాన్ని వాటేసుకోకు."

మూడోసారి రత్నం నెగ్గింది. బెంటన్‌విల్‌లో కారు నడపలేని మనిషి పాల ప్యాకెట్టుకు కూడా ఇంకొకరి మొహం చూడాలి. ఆ చూడడం తప్పించిన మనిషికి ఏమిస్తే ఋణం తీరుతుందో రత్నానికి ఇన్నేళ్ళయినా తేలలేదు. అందువల్ల వారానికొకటి ఇస్తూనే ఉంది: నువ్వుండలు, కొబ్బరన్నం, ఎండిన కరివేపాకు.

డార్లీన్‌కు ఒక్కడే కొడుకు, క్లింట్. స్టాక్ కార్ పందేల్లో టైర్లు మార్చే పని అతనిది. పందెం జరుగుతుండగా మధ్యలో కారు వచ్చి పిట్‌లో, అంటే తన జట్టుకు కేటాయించిన చోట, ఆగుతుంది. గోడ దూకి వెళ్ళిన అయిదుగురు పది పన్నెండు సెకన్లలో నాలుగు టైర్లూ మార్చి, ఇంధనం నింపి పంపేస్తారు. క్లింట్ చేతిలో గాలితో తిరిగే గన్ ఉంటుంది. చక్రానికి ఒకటే నట్. విప్పాలి, బిగించాలి. వినడానికి అంతే. ఆ ఒక్క నట్ వదులుగా ఉండి చక్రం దారిలో ఊడిపోతే, దానికి కారణమైన మనుషుల్ని తర్వాతి పందేలకు రానివ్వరు. నాలుగేళ్ళుగా చిన్న పందేల్లో పనిచేసిన క్లింట్‌కి మే నెలలో పై స్థాయి పందేల్లో ఉండే ఒక జట్టు నుంచి మొదటిసారి పిలుపు వచ్చింది. ఆ జట్టులో పాత మనిషికి భుజం బెణికింది. ఈ ఆదివారం బాగా చేస్తే క్లింట్‌నే ఉంచుకుంటారు. చెయ్యకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు.

కాన్సస్ సిటీలో జరిగే ఆ ఒక్క పందేనికి ఆ జట్టు కారు మీద బొమ్మ హాలోవే వాళ్ళది. స్పాన్సర్లకు అతిథి పాసులు వస్తాయి. న్యాయంగా వాటిని పెద్ద రిటైల్ సంస్థలోని కొనుగోలుదారులకు ఇచ్చి మంచి చేసుకోవాలి. కాని ఆ సంస్థ ఉద్యోగులు సరుకు అమ్మేవాళ్ళ దగ్గర కాఫీ కూడా పుచ్చుకోకూడదని నియమం. కనుక ఆ ఊళ్ళో ఇలాంటి పాసులు సొరుగుల్లో ఎండిపోతుంటాయి. రెండు పాసులు డార్లీన్ అడిగి తీసుకుంది. ఒకటి తనకు, ఒకటి రత్నానికి.

శనివారం సాయంత్రం రత్నం ఇనప మూకుడులో గళ్ళుప్పు పోసి, అది కాగాక వేరుశనక్కాయలు వేసి వేయించింది. క్లింట్‌కి కారం పడదని ఆమెకు తెలుసు. జంతికలు, చేగోడీలు, కారప్పూస అన్నీ ఒక్కొక్కటే కొట్టివేయగా మిగిలినవి ఇవి.

నల్గొండ మనిషి రవిశంకర్ వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. "రేస్ కాడికి పల్లికాయలు తీస్కపోతరా ఎవరన్నా? అక్కడ ఫుడ్ అంతా ఫ్రీ అన్నవు కదా."

"ఫ్రీ అయితే మాత్రం? ఆ కుర్రాడి దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్తానేటండీ?"

"చెయ్యి ఊపితేనే మంచిగుంటది. రేస్ కదా."

పదిహేనేళ్ళ కూతురు సాన్వి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అంది. "అమ్మా, ప్లీజ్ డోంట్ బీ వియర్డ్ అక్కడ. వాళ్ళు రేస్ కార్ పీపుల్. పల్లీలు తినరు."

"వేరుశనక్కాయలు తినని మనుషులు భూమ్మీద లేరు," అంది రత్నం. ఒక రకంగా అది నిజమే.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ రత్నం కారులో బయలుదేరారు. మూడు గంటల దారి రత్నమే నడిపింది. ఇద్దరి ఒంటి మీదా హాలోవే వాళ్ళ ఎర్రటి పొడుగు చేతుల చొక్కాలు. మగవాళ్ళ కొలతలవే మిగిలాయి కాబట్టి రత్నం చొక్కా చేతులు అరచేతుల కింది దాకా జారుతున్నాయి. ఆమె వాటిని రెండేసి మడతలు పైకి మడిచి, మడతలు సమానంగా వచ్చాయో లేదో అద్దంలో చూసుకొని మరీ వచ్చింది. వేరుశనక్కాయలు గోధుమరంగు కాగితపు సంచిలో, ఆ సంచి గేటు దగ్గర అడిగే పారదర్శకమైన బ్యాగులో ఉన్నాయి.

"మళ్ళీ ఆ చక్రాల్లాంటివేనా?" అంది డార్లీన్.

"కావు. చూద్దువుగాని," అంది రత్నం. డార్లీన్ అంతకుమించి అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగేది.

ట్రాక్ దగ్గర రత్నానికి మొదట తెలిసింది చప్పుడు. ఒక ఇంజను పరీక్ష కోసం అరిచినప్పుడు, ఆ అరుపు చెవికన్నా ముందు పక్కటెముకలకు తగిలింది. గాలిలో రబ్బరు, పెట్రోలు, కాలుతున్న మాంసం వాసన. మెడలో వేలాడే పాసు చూపించి ఇద్దరూ గారేజ్‌లోకి నడిచారు. అక్కడ హాలోవే బొమ్మ వేసిన కారు నిలబడి ఉంది. తనిఖీ పూర్తయిన కారును ఎవరూ ముట్టుకోకూడదని ఒక తాడు కట్టారు. రత్నం చూపు ముందు ఆ బొమ్మ మీది ఎరుపు మీద పడింది. డబ్బా మీది ఎరుపు కన్నా ఒక ఛాయ ముదురు. ఆ మాట మనసులోనే ఉంచుకుంది.

"మిస్ రత్నం!" క్లింట్ బల్ల వెనకనుంచి వచ్చాడు. గుమ్మానికి తల తగిలేంత మనిషి. తల్లిని ఒక చేత్తో పైకెత్తి దించాడు. "మా అమ్మ మీకు నేర్పిన డ్రైవింగ్‌తో ఇంతదూరం వచ్చారా? అయితే ఇవాళ్టి ధైర్యమంతా మీదే."

"నీకు కారం పడదు కదా, అందుకని ఇవి చేశాను," అంటూ రత్నం సంచి అతని చేతికిచ్చింది. పెద్దవాళ్ళు ఇచ్చింది రెండు చేతులా పుచ్చుకోవాలని డార్లీన్ నేర్పిన పిల్లవాడు, అందులో ఏముందో చూడకుండానే పుచ్చుకొని బల్ల మీద పెట్టాడు. రత్నం సంచి మూతి విప్పి ఒక కాయ తీసింది. ఎంత కరకరలాడుతున్నాయో చూడమని, బొటనవేలితో దాని నడుం మీద నొక్కింది.

టప్పుమంది.

గారేజ్‌లో పనిచేస్తున్న నలుగురూ ఒక్కసారి తలెత్తారు. జట్టు పెద్ద రోడ్నీ, నెరిసిన మీసాల మనిషి, చేతిలోని కాఫీ కప్పును మెల్లగా కింద పెట్టాడు. రత్నం వలిచి వేసిన రెండు గింజలు క్లింట్ అరచేతిలో ఉన్నాయి. అతను వాటిని నిప్పుకణికల్లా చూస్తున్నాడు.

"ఓ హనీ," అంది డార్లీన్. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఓ, హనీ, తప్పు నాది. నీకు చెప్పాల్సింది నేనే."

రోడ్నీ గొంతు పెంచలేదు. "మ్యామ్, ఆ సంచి బయటికి పంపించండి. డొప్పలతో సహా."

గారేజ్‌లోకి, పిట్‌లోకి తొక్కతో ఉన్న వేరుశనక్కాయ రాకూడదు. తొక్క తీసినవి ఎన్నయినా తినవచ్చు. తొక్క వలిచారో, ఆ కారు గోడకు కొట్టుకున్నట్టే. తాతల కాలంలో, మట్టి బాటల మీద పందేలు జరిగే రోజుల్లో, నుజ్జయిన కార్లలో వేరుశనగ తొక్కలు దొరికాయని చెప్పుకుంటారు. ఎవరూ చూడలేదు, అందరూ విన్నారు. ఇదంతా డార్లీన్ చెవి దగ్గర గుసగుసగా చెప్పగా రత్నానికి తెలిసింది. ఎవరికీ ఇవ్వకూడనిది ప్రపంచంలో ఒకటుంటే, వెతికి వెతికి దాన్నే వేయించి తెచ్చింది.

ఆమె సంచి మూతి కట్టేసింది. బల్ల మీద ఒక డొప్ప ఉంది. తడి కాగితంతో దాన్ని ఎత్తింది. రెండోది లేదు. బల్ల కింద లేదు. మోకాళ్ళ మీద కూర్చొని నేలంతా చూసింది. నేల అద్దంలా తుడిచి ఉంది కాబట్టి ఉంటే కనిపించాలి. లేదు.

"మొత్తం తీసేశారా, మ్యామ్?" అని రోడ్నీ అడిగాడు. అందరూ వింటున్నారు.

"ఒకటి దొరికింది," అంది రత్నం. "రెండోది దొరకలేదు."

డార్లీన్ కళ్ళు మూసుకుంది. ఒక కుర్రవాడు టార్చి తెచ్చాడు. రోడ్నీ స్వయంగా వంగి, తాడు అవతల కారు అడుగున వెలుతురు వేసి చూశాడు. తుపాకీ గుండు పోయినట్టు పోయింది ఆ సగం డొప్ప.

"తీసేశానని అంటే సరిపోయేది కదా, హనీ," అంది డార్లీన్ పక్కకు తీసుకెళ్ళి. కోపం లేదు, కన్నీళ్ళున్నాయి.

"తీయలేదు కదా, డార్లీన్."

"తెలుసు. అదే చెబుతున్నా."

రత్నం వెనక్కి తిరిగి చూసింది. క్లింట్ గన్ చేతిలోకి తీసుకొని, దాని ముక్కును బల్ల మీద బిగించి ఉన్న నట్‌కి పెట్టి చూసుకుంటున్నాడు. ప్రతి పందేనికి ముందూ చేసే సాధన. మొదటిసారి ముక్కు నట్ అంచుకు తగిలి జారింది. రెండోసారీ జారింది. అతను చేతి తొడుగు తీసి, మళ్ళీ తొడుక్కున్నాడు.

రత్నానికి విశాఖపట్నంలో తన ప్రాక్టికల్ పరీక్ష గుర్తుకొచ్చింది. గడప దాటబోతుండగా ఎవరో తుమ్మారు. నాయనమ్మ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, అప్పుడు పంపింది. తుమ్మును రత్నం పూచికపుల్లపాటి కూడా నమ్మలేదు. అయినా ఆ పూట బ్యూరెట్ కుళాయి తిప్పే వేళ్ళు వణికాయి, చుక్క ఎక్కువ పడింది, రంగు మారిపోయింది. శకునంలో ఏమీ లేదు. వేళ్ళ వణుకు మాత్రం నిజం. దాన్ని కొలవవచ్చు. ఇప్పుడు ఈ పిల్లవాడి వేళ్ళలో ఉన్నది అదే. అక్కడ పెట్టింది తానే.

ఆమె రోడ్నీ దగ్గరికి వెళ్ళింది. "మా వైపు దీనికి విరుగుడు ఉంది," అంది.

అది పనిచేస్తుందా అని రోడ్నీ అడగలేదు. "ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"రెండు నిమ్మకాయలు కావాలి. చక్రాల కింద పెట్టాలి."

"కారు ముట్టుకోవడానికి లేదు, మ్యామ్. తనిఖీ అయిపోయింది."

"కారు అక్కర్లేదు. టైర్లు పిట్‌కి తీసుకెళ్ళే తోపుడు బండి ఉంది కదా. అది చాలు."

రోడ్నీ మీసం గీరుకున్నాడు. "ఇరవై నిమిషాలు ఇస్తాను."

సంచినీ, కాగితంలో చుట్టిన డొప్పనూ రత్నం ముందు తన కారులో పెట్టి వచ్చింది. స్పాన్సర్ అతిథుల డేరాలో ఐస్ టీ పీపా పక్కన నిమ్మకాయలు గుట్టగా ఉన్నాయి. అన్నీ ముక్కలుగా కోసినవే. రత్నం వాటిని చూసి ఆగిపోయింది. సిద్ధాంతాన్ని నమ్మకపోవచ్చు, కాని ప్రయోగం చేస్తే పద్ధతి ప్రకారం చేయాలి. ఇక్కడ ఆమెకు ఒక చిక్కు వచ్చింది. తమ మొదటి కారుకి రవిశంకర్ పూజ చేయించిన రోజున ఆమె అభ్యంతరం చెప్పి, చేతులు కట్టుకొని, గుడి పార్కింగ్‌లో దూరంగా నిలబడింది. పద్ధతి ఏమిటో ఆమెకు తెలియదు. ఫోన్ తీసి భర్తకు కలిపింది.

"నిమ్మకాయలు ఏ చక్రాల కింద పెట్టాలండీ? ముందువా, వెనకవా?"

"ఎవరు మాట్లాడేది? రత్నమేనా?"

"నేనే. తొందరగా చెప్పండి."

"నువ్వా? నిమ్మకాయలా? గా దినం పంతులు ముంగటనే 'చక్రానికి విటమిన్ సి ఎందుకు' అన్నవు గదనే!"

"అన్నాను. ఇప్పుడు చెప్పండి."

వెనకనుంచి సాన్వి గొంతు వినిపించింది. "నాన్నా, హూ ఈజ్ ఇట్? అమ్మ పూజ చేస్తుందా? ఫర్ రియల్? రేస్ కార్‌కా? ఓ మై గాడ్, వీడియో తియ్యమను!"

"ముందరి చక్రాలు," అన్నాడు రవిశంకర్, నవ్వు బిగబట్టుకొని. "ఒక్కోదాని కింద ఒక్కోటి. బండి ముంగటికే పోవాలె. రివర్స్ కొడితే లెక్కలేదు. కోసినయి పెట్టకు."

"కోసినవి పెట్టనులెండి," అంది రత్నం, ఆ మాత్రం తనకు తెలియదా అన్నట్టు.

డేరాలో వడ్డించే అమ్మాయి లోపలి పెట్టెలోంచి రెండు నిండు కాయలు వెతికి ఇచ్చింది. రత్నం వాటిని చేతిలో తూచి, ఒకటి మరీ చిన్నదని మార్పించుకుంది.

తోపుడు బండి మీద టైర్లు పేర్చి ఉన్నాయి. క్లింట్ దాని కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. రత్నం వంగి ముందు చక్రాల కింద చెరొకటి పెట్టింది. మంత్రమేమీ చదవలేదు. రాదు కూడా.

"ఇప్పుడు తొయ్యి. ముందుకే వెళ్ళాలి. వెనక్కి రాకూడదు."

"ఎవడూ వెనక్కి లాగకండిరా!" అని రోడ్నీ కేక వేశాడు. గారేజ్‌లో ఆ క్షణాన అందరికన్నా గంభీరంగా ఉన్నది ఆయనే.

క్లింట్ తోశాడు. చక్రాలు ఎక్కాయి, ఆగాయి, దిగాయి. పచ్చటి రసం సిమెంటు మీద చిమ్మింది. రబ్బరు, పెట్రోలు వాసనల్లోంచి నిమ్మతొక్క నూనె వాసన పైకి లేచింది. లిమొనీన్ అని రత్నం మనసులో దాని రసాయనం పేరు చెప్పుకుంది. క్లింట్ ముక్కుతో గట్టిగా పీల్చి, అప్పటివరకు బిగించి ఉన్న భుజాలను కిందికి దించాడు.

"బాగుంది, మిస్ రత్నం," అన్నాడు. "మా బామ్మ వంటిల్లులా ఉంది." అలా అంటూ బండి తోసుకుంటూ వెలుతుర్లోకి వెళ్ళిపోయాడు.

వాళ్ళ సీట్లు పిట్‌లకు ఎదురుగా ఉన్న స్టాండ్‌లో ఉన్నాయి. జట్టు మాటలు వినడానికి అద్దెకు దొరికే రేడియోకి రెండు హెడ్‌సెట్లు తగిలించి ఇద్దరూ చెవులకు పెట్టుకున్నారు. కార్లు మొదటిసారి పూర్తి వేగంతో ముందునుంచి పోయినప్పుడు రత్నం చేతిలోని నీళ్ళ సీసాలో అలలు లేచాయి.

"ఆ నిమ్మకాయ నిజంగా పనిచేస్తుందా?" అని డార్లీన్ అడిగింది.

రత్నం ఆలోచించి జవాబు చెప్పింది. "మా కారుకి పెట్టారు. దానికి ఇప్పటికి మూడు సొట్టలు. రెండు నేను పెట్టినవే."

"మనుషులకేం కాలేదు కదా?"

"లేదు."

"అయితే పనిచేసినట్టే."

"ఒక్క కారుతో ఏమీ తేల్చలేం, డార్లీన్."

డార్లీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. పందెం అయ్యేవరకు వదల్లేదు.

మొదటిసారి కారు పిట్‌లోకి వచ్చినప్పుడు వెనక చక్రాల దగ్గర మోకాళ్ళ మీద వాలిన మనిషి క్లింటే అని అతని పొడుగును బట్టి తెలిసింది. గన్ రెండుసార్లు గీపెట్టింది, అతను అవతలి వైపుకు పరుగెత్తాడు, మళ్ళీ రెండుసార్లు. "గుడ్ స్టాప్," అంది రేడియోలో రోడ్నీ గొంతు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. తప్పిపోయిన ఆ సగం డొప్ప ఎక్కడుందన్న ఆలోచన మాత్రం రత్నాన్ని వదల్లేదు. గారేజ్ నేలను మనసులో గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడీ మళ్ళీ వెతుకుతోంది. బండి టైర్ల మధ్య పడి పిట్ దాకా వెళ్ళి ఉంటే?

చివరి భాగంలో ఎక్కడో ఒక కారు గిరగిరా తిరిగి గోడకు తగిలింది. అందరూ వేగం తగ్గించాలని పసుపు జెండా ఊపారు. కార్లన్నీ ఒక్కసారే పిట్‌లలోకి దూరాయి. వాళ్ళ కారు అప్పటికి పదహారో స్థానంలో ఉంది. కుడివైపు అయిపోయింది. క్లింట్ ఎడమవైపు వెనక చక్రం బిగించి లేచాడు. జాక్‌తో కారును పైకెత్తి పట్టే మనిషి దాన్ని దించబోయాడు. క్లింట్ ఉన్నట్టుండి అరచెయ్యి అడ్డంపెట్టాడు.

"వెళ్ళు, వెళ్ళు... ఆగు! ఏమైంది?" రోడ్నీ గొంతు.

క్లింట్ మళ్ళీ మోకాళ్ళ మీద పడ్డాడు. గన్ మూడోసారి అరిచింది. కారు దిగింది, దూసుకుపోయింది. ఈలోగా అయిదు కార్లు దాన్ని దాటేశాయి.

"నా పిల్లాడు అయిపోయాడు," అంది డార్లీన్ మెల్లగా. రత్నానికి ఇప్పుడు వేరుశనగ తొక్కలన్నీ ఆ ట్రాక్ మీదే కనిపిస్తున్నాయి.

పందెం పందొమ్మిదో స్థానంతో ముగిసింది. కారు ఒంటి మీద గీత లేదు. జెండా పడ్డాక రేడియో గరగరలాడింది. "ఎడమ వెనక చక్రం," అంది రోడ్నీ గొంతు. "క్లింట్, అది వదులైందని ఎలా తెలిసింది?"

"గన్ చప్పుడు వేరేగా ఉంది, సర్. సరిగ్గా పట్టిందని చెప్పలేకపోయాను."

"వదిలేసి ఉంటే మూడో మలుపులో ఆ చక్రం ఎవరి మీదో పడేది. వచ్చే ఆదివారం కూడా వచ్చెయ్యి."

డార్లీన్ హెడ్‌సెట్ తీసేసి, రత్నం భుజం మీద మొహం పెట్టి, చొక్కా మీది హాలోవే బొమ్మ తడిసేదాకా ఏడ్చింది.

కంచె దగ్గర క్లింట్ వాళ్ళను కలిశాడు. మొహమంతా నల్లటి దుమ్ము. "చెయ్యి ఎత్తాలా, ఊరుకోవాలా అని ఒక్క క్షణం తోచలేదు, మిస్ రత్నం," అన్నాడు. "పొద్దున్న మీరు అందరి ముందూ రెండోది దొరకలేదన్నారు కదా. నేనైతే దొరికిందని చెప్పేసేవాణ్ణి. అదే గుర్తొచ్చింది."

"ఈసారి చేగోడీలు తెస్తాను. కారం లేకుండా," అంది రత్నం.

"తొక్క లేకుండా కూడా," అన్నాడు క్లింట్.

తిరుగు ప్రయాణంలో జాప్లిన్ దగ్గర పెట్రోలు కోసం ఆగారు. ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. గొట్టం పట్టుకొనే ముందు రత్నం చొక్కా చేతులు విప్పి సరిచేసుకోబోయింది. కుడిచేతి రెండో మడతలోంచి ఏదో తేలికగా జారి ఆమె చెప్పు మీద పడింది.

ఆమె వంగి దాన్ని తీసి, దీపం వెలుతుర్లో తిప్పి చూసింది. సగం డొప్ప. కారులోంచి, తడి కాగితంలో దాచిన మొదటి డొప్ప తెచ్చి దానికి అతికించి చూసింది. అంచుకు అంచు సరిపోయింది.

"డార్లీన్," అంది తప్పు చేసినదానిలా. "పొద్దుటినుంచీ ఇది నా దగ్గరే ఉంది."

డార్లీన్ కళ్ళజోడు పైకెత్తి చూసింది. తర్వాత కారు తలుపు పట్టుకొని, కడుపు చేత్తో నొక్కుకొని నవ్వడం మొదలుపెట్టింది. "దాన్ని నువ్వు స్టాండ్ పైమెట్టుకి మోసుకొచ్చావా, హనీ? నా బిడ్డకి అంత దూరంగా?"

"తెలియకుండా."

"తెలిసి చేస్తే ఇంత బాగా కుదిరేదా?"

రత్నం రెండు డొప్పలనూ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యబోయి, ఆగి, మళ్ళీ బ్యాగులో పెట్టుకుంది. ఎందుకని ఆమె తనను తాను అడగలేదు.

సోమవారం పొద్దున్న ఆఫీసు పార్కింగ్‌లో డార్లీన్ పాత పికప్ నిలబడి ఉంది. ఎడమవైపు ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ చితికి ఉంది. రత్నం తన కారు దిగి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ముందు గదిలోకి వెళ్ళింది.

"రెండో చక్రం కింద లేదేం, డార్లీన్?"

"ఇంట్లో ఒకటే కాయ ఉంది, హనీ."

రత్నం భోజనం సంచి తెరిచింది. పప్పులోకి పిండుకుందామని తెచ్చుకున్న నిమ్మకాయ తీసింది. కోయనిదే. దాన్ని డార్లీన్ బల్ల మీద పెట్టి, శాంపిల్ గది తాళం తీయడానికి వెళ్ళిపోయింది.